హలాల్‌ఖోర్‌కి ఎక్కువ మజ్దూరీ ఇచ్చే ఊరు

బి.ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1948లో ‘వాల్డెన్ టూ’ అనే నవల తెచ్చాడు. మనుషుల అలవాట్లని చిన్నప్పటి నుంచే ఒక పద్ధతిలో దిద్దితే వెయ్యిమంది అసూయ, కొట్లాట లేకుండా హాయిగా కలిసి బతకొచ్చని అతని దావా. కథ పెద్దగా లేదు. ఒక ప్రొఫెసరు కొందరిని వెంటేసుకుని ఆ ఊరు చూడ్డానికి వెళ్తాడు. ఊరు కట్టిన ఫ్రేజియర్ తిప్పి చూపిస్తాడు. మిగతాదంతా బహస్. రంజాన్ ముందు చదివినందుకేమో, నాకు అందులో మన ఇళ్లే కనిపించాయి.

ఆ ఊళ్లో జీతాల్లేవు, లేబర్ క్రెడిట్లే. ఏడాదికి ఒక్కొక్కరు 1200 క్రెడిట్ల పని చేయాలి, అంటే రోజుకి దాదాపు నాలుగు గంటలు. అన్ని పనులకీ ఒకే రేటు కాదు. మురుగు కాలువ బాగుచేస్తే గంటకి ఒకటిన్నర క్రెడిట్. పూలతోటలో పనిచేస్తే క్రెడిట్‌లో పదో వంతు. మురుగు ఎత్తినవాడికి మూడు గంటల్లోపే ఆ రోజు పని అయిపోతుంది. ఊరిని నడిపే ఆరుగురు ప్లానర్లు కూడా రోజూ కొంత ఒళ్లు వంచాల్సిందే.

పాకీ పని చేసేవాళ్లకి మన జబాన్‌లో రెండు పేర్లున్నాయి. ఒకటి హలాల్‌ఖోర్, హలాల్ సంపాదన తినేవాడు. రెండోది మెహతర్. ఫార్సీలో దాని అసలు మానీ ‘పెద్దవాడు’. పేరులో ఇంత ఇజ్జత్ పెట్టాం. మజ్దూరీలో పెట్టామా? దస్తర్‌ఖాన్ మీద పక్కన చోటిచ్చామా? చెమట ఆరకముందే కూలీ ఇవ్వమన్న హదీస్ జుమ్మా బయాన్‌లో వింటూనే ఉన్నాం. దీన్‌తో సంబంధం లేని ఒక నవల ఆ పనికి పై రేటు కట్టింది.

ఇక బావర్చీఖానా. అక్కడ ఇంటింటికీ పొయ్యి లేదు. వంట ఒకేచోట, భోజనాలు వంతులవారీగా. తినే ట్రేలు గాజువి. కడిగేవాళ్లు తిప్పి చూడకుండానే రెండు వైపులా శుభ్రమైందో లేదో తెలిసిపోతుంది. గిన్నెలు తోమే చేతికి ఎంత మెహనత్ తగ్గించొచ్చో కూడా ఆలోచించారు. మిగిలిన టైమంతా ఫుర్సత్. సంగీతం, చదువు, ఊరికే నడక. ఆ ఫుర్సత్ ఆడవాళ్లకీ మగవాళ్లకీ బరాబర్.

మన ఇళ్లలో సెహరీకి అందరికంటే ముందు లేచేదెవరు? తరావీహ్ అయ్యాక కూడా సింకు దగ్గర నిలబడేదెవరు? అడిగితే “సవాబ్ మిలేగా” అంటాం. సవాబ్ ఇచ్చేది అల్లా. దాన్ని చూపించి మనం ఇవ్వాల్సింది ఎగ్గొట్టడం ఏం ఇన్సాఫ్?

అలాగని ఆ ఊళ్లో ఉండమంటే నేను ఉండను. రెండుచోట్ల దిల్ ఒప్పుకోలేదు.

మూడు నాలుగేళ్ల పిల్లలకి అక్కడ సబర్ నేర్పడానికి పొద్దున్నే లాలీపాప్ ఇస్తారు. నాకకుండా ఉంటే తర్వాత తినొచ్చు. నాలుక తగిలితే తెలిసిపోయేలా దానిమీద చక్కెర పొడి అద్దుతారు. మొదటి రోజా ఉన్న మన పిల్లని గుర్తు చేసుకోండి. మిట్టమధ్యాహ్నం వుజూలో నోట్లో నీళ్లు పోసుకుంటుంది. ఒక్క గుక్క మింగినా ఎవరికీ తెలీదు. ఉమ్మేస్తుంది. అక్కడ ఏ చక్కెర పొడీ లేదు, నియ్యత్ ఒక్కటే ఉంది.

రెండోది షుక్రియా. ఒకరికొకరు థాంక్స్ చెప్పడం ఆ ఊరి నియమాల్లో మనా. అందరూ అందరికోసం చేస్తుంటే ఒక్కరికే ఎందుకని. మనుషులకి షుక్ర్ చేయనివాడు అల్లాకీ చేయడని విని పెరిగినవాళ్లం మనం. ఆ ఊళ్లో మన నోరు ఊరుకోదు.

1967లో కొందరు ఈ పుస్తకం స్ఫూర్తితో అమెరికాలోని వర్జీనియాలో ట్విన్ ఓక్స్ అనే ఊరు పెట్టారు. ఇప్పటికీ నడుస్తోంది. మనుషుల్ని దిద్దే సైన్సు పక్కకి పోయింది, పని లెక్క మాత్రం నిలిచింది. పనికో రేటు కూడా తీసేశారు, గంటంటే గంటే. వంట, పిల్లల్ని చూసుకోవడం కూడా లెక్కలోకే.

ఆ లెక్క మనకి పనికొస్తుంది. ఈ రంజాన్‌కి మా ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించబోతున్నా. సెహరీ వంట, ఇఫ్తార్ గిన్నెలు, బాత్రూమ్. ఎవరు ఎన్ని గంటలు. మగపిల్లల పేర్లు పైన ఉంటాయి. బాత్రూమ్‌కి డబుల్. ఎవరైనా మగాళ్లకిదేంటని అడిగితే, రసూల్ (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటి పనుల్లో ఉండేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన మాట వినిపిస్తాను. లెక్క రాసిన ప్రతి రాత్రీ షుక్రియా కూడా చెప్పుకుంటాం.