జీతం లేని పోలీసు

నవలలు రాసుకునే దాన్ని పోలీసు ఉద్యోగంలో వేసింది మా అబ్బాయి. టోపీ లేదు, లాఠీ లేదు, జీతం అసలే లేదు. కిందటి వేసవి సెలవుల్లో వాడు ‘మైన్‌క్రాఫ్ట్’ ఆటకి సొంతంగా ఒక సర్వరు పెట్టాడు. కాలనీ పిల్లలూ, మా చుట్టాల పిల్లలూ కలిసి 14 మంది. ఎవరింట్లో వాళ్లు కూర్చుని, అందరూ ఒకే ఊళ్లో ఇళ్లు కట్టుకుంటారన్న మాట. మూడో రోజుకే తగువులు మొదలయ్యాయి.

“నువ్వు ఆడవు కదమ్మా, నీకు పక్షపాతం ఉండదు. నువ్వే చూడు” అని నన్ను ఆపరేటర్ని చేసేశాడు.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. ఈ ఆటలో లోకమంతా చదరపు దిమ్మలే. మట్టి దిమ్మ, రాతి దిమ్మ, చెక్క దిమ్మ. తవ్వుకోవడం, పేర్చుకోవడం! 2023 నాటికే 30 కోట్ల ప్రతులు అమ్ముడయ్యాయంటే, సొంత ఇంటి మీద మోజు లోకంలో ఎంతుందో చూడండి. కట్టేవాడున్న చోట కూల్చేవాడూ ఉంటాడు. అలాంటి వాళ్లని ‘గ్రీఫర్లు’ అంటారు. వాళ్లని పట్టుకోవడానికి ‘కోర్‌ప్రొటెక్ట్’ అని ఒకటుంది. ఏ దిమ్మ చోట నొక్కినా, ఎవరు పెట్టారో, ఎవరు తీశారో, ఎంతసేపయిందో చెప్పేస్తుంది. చిత్రగుప్తుడి చిట్టా అనుకోండి.

మొదట్లో నాకు గర్వంగానే ఉండేది. ఒకడి పెట్టెలో వజ్రాలు మాయమైతే రెండు నిమిషాల్లో దొంగని పట్టేశాను. ఇక్కడ పొయ్యి మీద పోపు మాడిపోయిందనుకోండి, అది వేరే సంగతి. ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ అనే మరో ఆటలో 2011 నుంచి 2014 దాకా ‘ట్రిబ్యునల్’ ఉండేదిట. తిట్టుకున్న వాళ్ల మాటలు తోటి ఆటగాళ్లే చదివి, శిక్షో క్షమో ఓటు వేసేవారుట. వాళ్లకి తప్పు పంచుకోవడానికి నలుగురు తోడున్నారు. నేనొక్కదాన్నే.

పక్క వీధి పాప చెక్కతో ముచ్చటైన మేడ కట్టుకుంది. ఒక సాయంత్రం ఏడుస్తూ ఫోన్ చేసింది. “ఆంటీ, నా ఇల్లు పోయింది!”

వెళ్లి చూద్దును కదా, సగం ఇల్లు లేదు. మిగిలిన గోడ పక్కన నొక్కాను. కాకినాడలో ఉన్న మా చెల్లెలి కొడుకు పేరు వచ్చింది. ఇంకో చోట నొక్కాను. వాడే. ఆ వరస పొడుగునా వాడే. 11 ఏళ్ల వెధవ!

నిజం చెప్పొద్దూ, వేరే పిల్లవాడయితే పిలిచి అడిగేదాన్ని. చెల్లెలి కొడుకు కనక అడగలేదు. “వాళ్ల వాడని వదిలేసింది” అంటారేమోనని భయం. వారం రోజులు ఆటలోకి రాకూడదని శిక్ష వేసి, అందరికీ కనబడేలా ప్రకటించాను. నా ధర్మనిరతికి నేనే కాస్త మురిసిపోయాను కూడా.

మూడో రోజు చెల్లెలు ఫోన్ చేసింది. “అక్కా, వీడు సరిగ్గా అన్నం తినడంలేదే. ఏమైందంటే చెప్పడు.”

“తప్పు చేశాడు, తెలుసుకోనీ” అన్నాను.

అన్నానే గాని మనసు ఊరుకోలేదు. రాత్రి అందరూ పడుకున్నాక మళ్లీ వెళ్లాను. ఈసారి గోడ పక్కన కాదు, ఇంటి నడుమ నొక్కాను. అక్కడ మనిషి పేరు లేదు. ‘ఫైర్’ అని ఉంది. ఇంకాస్త ముందుకెళితే, చలిమంట అందంగా ఉంటుందని పాప స్వయంగా పోసుకున్న లావా! లావా దగ్గర చెక్క ఉంటే అంటుకుంటుంది. ఒక దిమ్మ నుంచి ఇంకో దిమ్మకి పాకుతుంది. నడుమ దిమ్మలు తీసేస్తేనే ఆగుతుంది. ఒక పాక అంటుకుంటే పక్క పాక కప్పు పీకేస్తారే, వాడు చేసిందదే. ఆ సగం ఇల్లయినా మిగిలింది వాడి పుణ్యమే.

తెల్లారగానే ఫోన్ చేశాను. “చెప్పలేదేంరా?”

“నువ్వు అడగలేదుగా పెద్దమ్మా” అన్నాడు.

శిక్ష ప్రకటించిన చోటే, తప్పు నాదని అందరికీ రాశాను. శిక్ష ఎత్తేశాను. అయినా రెండు రోజులు వాడు రాలేదు. మూడో రోజు వచ్చాడు గాని, నన్ను పలకరించలేదు. పాప ఈసారి రాతితో ఇల్లు కట్టుకుంటూంటే, దిమ్మలు తవ్వి తెచ్చి ఇచ్చాడు. వెళుతూ వెళుతూ ఆ గుమ్మం పక్కన ఒక పెట్టె పెట్టిపోయాడు.

పోలీసుని కదా, తెరిచి చూశాను. బకెట్టుడు నీళ్లు.