డిస్నీ వరల్డ్‌లో పులిహోర పొట్లం

వేసవి దగ్గర పడుతోందంటే నాకు ఒక రకం ప్రశ్న తప్పకుండా వస్తుంది. "అబ్బాయి అమెరికా రమ్మంటున్నాడు డాక్టరుగారూ, నాకు షుగరు వుంది, విమానంలో మాత్రలు ఎలా వేసుకోవాలి?" అని. విమానం సంగతి ఇదివరకు చాలాసార్లు చెప్పాను. దిగిన తర్వాత సంగతి మాత్రం ఎవరూ అడగరు. చిక్కంతా అక్కడే వుందని మా ఇంటి అనుభవం వల్ల నాకే తెలిసివచ్చింది.

2023 జూన్‌లో నేనూ మా ఆవిడా అట్లాంటాలో వున్న మా మేనకోడలి ఇంటికి వెళ్ళాం. మా అక్కయ్యా బావగారూ అప్పటికే అక్కడ వున్నారు. బావగారు లెక్కల మాస్టారుగా చేసి, హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. పద్నాలుగేళ్ళుగా మధుమేహం. పొద్దున గ్లిమెపిరైడ్, రెండు పూటలా మెట్‌ఫార్మిన్ వేసుకుంటారు. పిల్లలకు బడి సెలవులు కావడంతో అందరం కలిసి ఫ్లోరిడాలోని ఆర్లండోకు, డిస్నీ వరల్డ్ చూడడానికి వ్యాను కట్టించుకుని బయల్దేరాం. పెద్దవాళ్ళం ఆరుగురం, ఏడేళ్ళ మనవడు, రెండున్నరేళ్ళ మనవరాలు. ఏడు గంటల పైచిలుకు ప్రయాణం.

డిస్నీ వరల్డ్ అంటే మన ఊళ్ళో ఎగ్జిబిషన్ లాంటిది కాబోలు అనుకునేవారు. అది సుమారు వంద చదరపు కిలోమీటర్ల జాగా. 1971 అక్టోబరులో మేజిక్ కింగ్‌డమ్ అనే పార్కుతో మొదలైంది. తర్వాత 1982లో ఎప్‌కాట్, 1989లో హాలీవుడ్ స్టూడియోస్, 1998లో యానిమల్ కింగ్‌డమ్ వచ్చాయి. ఒక్కొక్కటి ఒక్కో రోజు తినేస్తుంది. రోజు మొత్తం మీద పది, పన్నెండు కిలోమీటర్లు నడవడం మామూలు. పైగా జూన్‌లో అక్కడి ఎండ మన మచిలీపట్నం ఎండకు పెద్ద తీసిపోదు. ఉక్క కూడా అలాంటిదే. మధ్యాహ్నం మూడింటికల్లా మబ్బు పట్టి, ఉరుములతో కుండపోతగా వాన కురుస్తుంది. అరగంటలో మళ్ళీ ఎండ.

బయల్దేరే ముందు రోజు రాత్రి మేనకోడలి భర్త కాగితం తీసుకుని తిండి ఖర్చు లెక్క వేశాడు. పార్కులో కౌంటరు దగ్గర కొనుక్కుని తినే మామూలు భోజనం పెద్దవాళ్ళకు తలకు పదహారు డాలర్లు, పిల్లవాడికి ఎనిమిది. రెండు పూటలకు 208 డాలర్లు. బోర్డు మీద రాసిన ధరకు అక్కడ ఆరున్నర శాతం పన్ను కలుస్తుంది. పిల్లలు అడిగే ఐస్‌క్రీములూ, చల్లటి నీళ్ళ సీసాలూ కలుపుకుంటే రోజుకు 260 డాలర్లు. ఆ రోజుల్లో డాలరు 82 రూపాయలు. బావగారు పెన్సిలు కూడా అక్కర్లేకుండా "ఇరవై ఒక్క వేల మూడు వందల ఇరవై" అన్నారు. అని, కాసేపు మాట్లాడలేదు. పెన్షను తీసుకునే మనిషికి ఆ అంకె ఎలా వినిపిస్తుందో నాకు తెలుసు.

అప్పుడు మా మేనకోడలు ఒక మంచి మాట చెప్పింది. డిస్నీ వరల్డ్ పార్కుల్లోకి మన తిండి మనం తీసుకుపోవచ్చు. గాజు సీసాలు, మద్యం కూడదు. సంచీలో విడి ఐసు ముక్కలు వేసుకు రాకూడదు. మూత వున్న ఐసు పలకలు పెట్టుకోవచ్చు. మరీ పెద్ద పెట్టెలు పనికిరావు. మంచినీళ్ళ సంగతి ఇంకా బాగుంది. కౌంటరు భోజనశాలల్లో ఏమీ కొనకపోయినా, "ఐస్ వాటర్" అని అడిగితే గ్లాసుడు నీళ్ళు వూరికే ఇస్తారు. ఎనిమిది మంది తలా మూడు సీసాలు కొంటే, సీసా నాలుగు డాలర్ల చొప్పున తొంభై ఆరు డాలర్లు అక్కడే మిగిలాయన్న మాట. మూడేళ్ళలోపు పిల్లలకు టిక్కెట్టు లేదు. పెద్దవాళ్ళ పళ్ళెంలోంచి పెట్టుకోవచ్చు. (మన దగ్గర పార్కుల్లో ఈ నియమాలు ఒక్కోచోట ఒక్కోలా వుంటాయి. టిక్కెట్టు కొనేటప్పుడే అడిగి తెలుసుకోండి. గేటు దగ్గర టిఫిను డబ్బాతో నిలబడి తగాదా పడడం వల్ల రక్తపోటు పెరగడం తప్ప లాభం లేదు.)

అంచేత హోటలు గది బదులు, పక్కనే వున్న కిసిమీ అనే ఊళ్ళో వంటగది వున్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఆర్లండోలో మనవాళ్ళ కిరాణా కొట్లు వున్నాయి. బియ్యం, చింతపండు, కందిపప్పు, కరివేపాకు అన్నీ దొరికాయి. మొదటి రోజు తెల్లవారుజామున అక్కయ్య పులిహోర పోపు వేసేసరికి ఇంటి కప్పులో పొగ పసిగట్టే యంత్రం కూతపెట్టి పిల్లలిద్దరినీ లేపేసింది. మర్నాటి నుంచి కిటికీలు తెరిచి, అల్లుడు కింద నిలబడి తువ్వాలు విసురుతూంటే పోపు పెట్టింది.

మొదటి రోజు ఎప్‌కాట్. అంతా సవ్యంగా జరిగింది. పదకొండున్నరకే ఒక చెట్టు నీడన బల్ల చూసుకుని పులిహోర, చపాతీలు, బంగాళాదుంప కూర తిన్నాం. ఎవరైనా ఏమైనా అనుకుంటారేమో అని మా ఆవిడ జంకింది గాని, పక్క బల్ల మీద అమెరికా కుటుంబం వాళ్ళ సంచీలోంచి రొట్టెముక్కలు తీసుకుని తింటోంది. సాయంత్రం అందరం కలిసి రెండు పళ్ళేల వేపుడు బంగాళాదుంపలు కొనుక్కున్నాం. ఆ రోజు తిండి ఖర్చు వంటసామానుతో కలిపి డెబ్భై డాలర్లు దాటలేదు. బావగారు చాలా సంతోషించారు. ఇబ్బందికి బీజం కూడా ఆ సంతోషంలోనే పడింది.

రెండో రోజు మేజిక్ కింగ్‌డమ్. మిగతా పార్కులకూ దీనికీ ఒక తేడా వుంది. కారు పెట్టిన చోటు నుంచి నేరుగా గేటుకు పోవడం కుదరదు. మధ్యలో పెద్ద చెరువు. పడవలో గాని, మోనోరైలులో గాని దాటాలి. పిల్లలు మోనోరైలు అని గోల చేస్తూంటే ఆ హడావిడిలో భోజనాల సంచీ వ్యానులోనే వుండిపోయింది. ఎవరికి వారు రెండోవారు తెచ్చారనుకున్నాం. గేటు దాటి మెయిన్ స్ట్రీట్ సగం నడిచాక గాని గుర్తు రాలేదు. వెనక్కి వెళ్ళి రావాలంటే సుమారు గంటన్నర పోతుంది. "ఈ పూటకు ఇక్కడే తిందాం" అన్నాడు అల్లుడు.

పన్నెండింటికి భోజనశాల ముందు నిలబడ్డాం. బావగారు బోర్డు చదివారు. "పదహారు డాలర్లా? అంటే పదమూడు వందల పన్నెండు రూపాయలు. నాకు ఆకలిగా లేదర్రా. మీరు తినండి" అన్నారు. మేమందరం బతిమాలాం. "పొద్దున ఉప్మా బాగా తిన్నాను" అన్నారు. తిన్నది నాలుగు చెంచాలు. హడావిడిలో పళ్ళెం అలాగే వదిలేసి వచ్చారని తర్వాత అక్కయ్య చెప్పింది. మాత్ర మాత్రం మర్చిపోకుండా వేసుకున్నారు.

డాక్టరుని, పక్కనే కూర్చుని నా పళ్ళెం ఖాళీ చేశాను. ఆయన చిన్నపిల్లవాడు కాదు కదా, ఆకలి లేదంటే లేదు కాబోలు అనుకున్నాను. ఈ తప్పు నాది.

రెండున్నరకు ఒక క్యూలో నిలబడి వున్నాం. బావగారు ఉన్నట్టుండి మనవడి మీద కసురుకున్నారు. ఆయన పిల్లలను కసిరే మనిషి కాదు. ముఖం నిండా చెమట. ఎండకు తాళలేకపోతున్నారు అనుకుని నీడకు తీసుకువెళ్ళి నీళ్ళు తాగించాను. నీళ్ళు తాగినా తేరుకోలేదు. చేయి పట్టుకు చూస్తే చల్లగా, తడిగా వుంది; వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. "బావగారూ, మనం ఏ ఊళ్ళో వున్నాం?" అంటే కాసేపు ఆలోచించి "తెనాలి" అన్నారు. అప్పుడు వెలిగింది నాకు. అక్కయ్య చేతిసంచీలో గ్లూకోమీటరు వుంది. చూస్తే 52.

పళ్ళరసం కొనడానికి పరుగెత్తనక్కర్లేకపోయింది. మనవడి సంచీలో ఆపిలు రసం డబ్బా వుంది. మింగగలిగే స్థితిలోనే వున్నారు గనక గొట్టంతో తాగించాం. పదిహేను నిమిషాల తర్వాత 81. మనిషి ఈ లోకంలోకి వచ్చి, "ఏమైంది? అందరూ నన్ను చూస్తున్నారేం?" అన్నారు. అప్పుడు అన్నం, చిక్కుళ్ళు వున్న భోజనం తెప్పించి మొత్తం తినిపించాం. తర్వాత పార్కులోనే వున్న ప్రథమ చికిత్స కేంద్రానికి తీసుకువెళ్తే నర్సు పడుకోబెట్టి మళ్ళీ పరీక్ష చేసింది. ప్రతి పార్కులోనూ ఇలాంటి కేంద్రం వుంది. ఇన్సులిన్ లాంటి మందులు చల్లగా దాచిపెట్టమని అడిగినా దాచిపెడతారు.

ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ జాతి మాత్రలు మీరు తిన్నారా లేదా అని చూడవు. క్లోమాన్ని పిండి ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే వుంటాయి. పైన పది కిలోమీటర్ల నడక తోడైతే కండరాలు కూడా రక్తంలోని చక్కెరను లాక్కుంటాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం చాలా తక్కువ. చక్కెర 70 కంటే తగ్గితే చెమట, వణుకు, గుండెదడ, ఆకలి, చిరాకు, మాట తడబాటు కనిపిస్తాయి. ఎండలో వీటిని వడదెబ్బ అని పొరపడడం ఎంత సులువో నన్ను చూసి తెలుసుకోండి. అనుమానం వస్తే మీటరు చూడండి. మీటరు దగ్గర లేకపోతే తీపి ఇచ్చేయండి. పదిహేను గ్రాముల చక్కెర చాలు, అంటే మూడు చెంచాలు, లేదా అర గ్లాసు పళ్ళరసం. చాక్లెట్టు ఈ పనికి మంచిది కాదు. అందులోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ చూసి, పెరగకపోతే మళ్ళీ ఇవ్వండి. తెలివి తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే వైద్య సహాయం పిలవాలి. ఈ మాత్రల ప్రభావం గంటల తరబడి వుంటుంది గనక, ఒకసారి తేరుకున్నంత మాత్రాన గండం గడిచిందనుకోకూడదు. మా బావగారికి ఆ రాత్రి పడుకునే ముందూ, రెండింటికి లేపీ చూశాం.

ప్రయాణానికి ముందే మీ డాక్టరును అడిగి, ఎక్కువ నడిచే రోజుల్లో మాత్ర మోతాదు తగ్గించాలా అని తెలుసుకోండి. మీ అంతట మీరు తగ్గించుకోవద్దు. ఎదురుగా భోజనం లేనిదే ఆ మాత్ర వేసుకోవద్దు. భీమా తీసుకునేటప్పుడు పాత జబ్బులకు వర్తిస్తుందా లేదా చూసుకోండి. అమెరికాలో ఒక్క రాత్రి ఆసుపత్రిలో వుంటే అయ్యే ఖర్చు ముందు ఆ పదహారు డాలర్లు ఏపాటి?

సాయంత్రం ఆరింటికి వ్యాను దగ్గరికి వచ్చాం. సంచీలో పులిహోరా, పెరుగన్నం, చపాతీలూ అలాగే వున్నాయి. ఐసు పలకలు ఎప్పుడో కరిగి వేడెక్కాయి. "పాడవలేదురా, వాసన రాలేదు" అంది అక్కయ్య, మూత తీసి చూసి. ఎనిమిది మందికి వండినది పారబోయాలంటే ఏ ఇల్లాలికైనా ప్రాణం వుసూరుమంటుంది. కాని నేను ఒప్పుకోలేదు. వండిన తిండి మామూలు వేడిలో రెండు గంటలు, ముప్పై రెండు డిగ్రీలు దాటిన వేడిలో గంటకు మించి వుంటే తినకూడదు. మూసిన వ్యానులో వేడి అంతకంటే చాలా ఎక్కువ. ముఖ్యంగా అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి వుడకబెట్టినా చావని రూపంలో దాగి వుంటుంది. అన్నం గోరువెచ్చగా వున్నంతసేపూ పెరిగి విషం తయారుచేస్తుంది. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. వాసన కూడా రానక్కర్లేదు. పులిహోరకు చింతపండు పులుపు కొంత అండగా వుంటుంది, కాని ఏడెనిమిది గంటల వేడికి ఆ అండ చాలదు. మొత్తం పారబోశాం. అక్కయ్య ఆ పూట నాతో మాట్లాడలేదు.

మర్నాటి నుంచి పద్ధతి మార్చాం. అన్నం వార్చగానే పళ్ళేల్లో పరిచి ఆరబెట్టి, రాత్రే ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున చల్లటిదాన్నే ఐసు పలకల మధ్య సర్దాం. పెరుగన్నం మానేశాం. వేయించిన అటుకులు, వేరుశనగలు, అరటిపళ్ళు, చపాతీలు ఎక్కువ పెట్టాం. సంచీ ఎవరు మోయాలో పేరు పెట్టి నిర్ణయించాం. ఖర్చు కాగితంలో అల్లుడు కొత్తగా ఒక గీత గీసి, మొట్టమొదట "మామగారి మధ్యాహ్న భోజనం, పదహారు డాలర్లు" అని రాశాడు. సంచీ వున్నా, లేకపోయినా ఆ సొమ్ము తీసి పక్కన పెట్టాలని. మిగిలితే పిల్లల ఐస్‌క్రీములకు.

మూడో రోజు యానిమల్ కింగ్‌డమ్‌లో పదకొండుంబావుకే పొట్లాలు విప్పాం. జనం ఇంకా భోజనశాలలకు ఎగబడలేదు కాబట్టి నీడలో బల్ల సులువుగానే దొరికింది. బావగారు మీటరు చూసుకుని 118 అని మనవడి చేత కాగితం మీద రాయించారు. పులిహోర తిని, చేతులు తుడుచుకుని, కౌంటరు వైపు చూస్తూ, "ఆ పదహారు డాలర్లూ ఇంకా వున్నాయా?" అని అల్లుణ్ణి అడిగారు. వున్నాయన్నాడు. "అయితే సాయంత్రం దాకా వుండనీ" అన్నారు. చొక్కా జేబులో ఆపిలు రసం డబ్బా ఒకటి ఎత్తుగా కనిపిస్తోంది. పొద్దున తనే అడిగి పెట్టుకున్నారట.