కృపి కొడుకు

టోక్యోలో మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయ్‌లో మా కాపురం. ఒక సాయంత్రం మా పదకొండేళ్ల బాబు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. "బాపూ, ఈ అష్వత్తామన్ మనోడేనా?" తెరమీద ఎర్రజుట్టు యువకుడు, కళ్లలో కోపం, చేతిలో పెద్ద చక్రం. మనవాడే. మహాభారతంలోని అశ్వత్థామ.

2015లో జపాన్‌లో మొదలైన 'ఫేట్/గ్రాండ్ ఆర్డర్' అనే ఫోన్ ఆట అది. 2019లో భారతదేశం నేపథ్యంగా వచ్చిన అధ్యాయంతో ఇతను అందులో చేరాడు. ఆటలో అతని చక్రం పేరు సుదర్శనమని చూసి ఆశ్చర్యపోయాను. బ్రహ్మశిరోస్త్రం ఇస్తాను, బదులుగా నీ చక్రం ఇమ్మని ద్వారకకు వెళ్లి కృష్ణుణ్ని అడిగినవాడు అశ్వత్థామే. తీసుకొమ్మన్నాడు కృష్ణుడు. ఎడమచేత్తో పట్టాడు, కుడిచేత్తో పట్టాడు, అది కదల్లేదు. సౌప్తిక పర్వంలోని ఈ సంగతి మనలోనే చాలామందికి తెలియదు. ఆనాడు ఎత్తలేకపోయిన చక్రాన్ని ఈ ఆట రాసినవాళ్లు అతని చేతికిచ్చారు. నాకది ఎంతో నచ్చింది.

బాబు ఇంకో ప్రశ్న వేశాడు. "ఈయనకు చావు లేదంట కదా. మంచిదే కదా?"

ఆ కథ నేను తెలంగాణలోని మా బాన్సువాడలో అమ్మ దగ్గర విన్నాను. ఎండాకాలం రాత్రులు వాకిట్లో నులకమంచాల మీద ఎన్నో కథలు చెప్పేది. ఇది మాత్రం పగలే చెప్పింది, చాటలో బియ్యం చెరుగుతూ. "పండుకున్న పిల్లల్ని సంపిన కత ఇది. రాత్రి చెప్పొద్దు" అంది. మర్రిచెట్టు మీద నిద్రపోతున్న కాకుల్ని గుడ్లగూబ చంపడం చూసి అశ్వత్థామకు ఆలోచన రావడం, చీకట్లో శిబిరంలో ద్రౌపది అయిదుగురు కొడుకులూ తెగిపడటం, ఉత్తర కడుపులోని బిడ్డ మీదికి అస్త్రం మళ్లడం, కృష్ణుడి శాపం. నెత్తురూ చీమూ కంపుకొడుతూ, మనుషులు లేని చోట్ల, మాట్లాడే తోడు లేకుండా మూడు వేల ఏళ్లు తిరగమని ఆ శాపం. కలియుగం చివరిదాకా అని జనం దాన్ని పొడిగించుకున్నారు. మధ్యప్రదేశ్‌లోని అసీర్‌గఢ్ కోట గుడికి ఇప్పటికీ వచ్చి శివుణ్ని కొలుస్తాడని అక్కడివాళ్ల నమ్మకం. మరోవైపు, పుట్టినరోజున ఏడుగురు చిరంజీవులను తలుచుకునే శ్లోకంలో మొదటి పేరు ఇతనిదే.

జపాన్ కథల్లోనూ ఇలాంటి మనిషి ఉంది. మత్స్యకన్య మాంసం తిని 800 ఏళ్లు బతికిన యావో బికుని. అయినవాళ్లంతా పోతుంటే చూసి చూసి సన్యాసం తీసుకొని, చివరికి ఒబామా పట్నంలోని గుహలోకి వెళ్లిపోయిందంటారు. ఆమెకు గుహలోకి వెళ్లే వీలైనా ఉంది.

అశ్వత్థామ శాపం బరువు నాకు తెలిసింది పుస్తకంలో కాదు. మా పెద్దనాన్న కొడుకు గల్ఫ్‌లో ఎడారిలో గొర్లు కాసి వచ్చాడు. ఇంటిపనికని తీసుకెళ్లి మందల మధ్య వదిలేశారు. నీళ్ల బండి వచ్చిన రోజే మనిషి ముఖం కనబడేది. "తెలుగుల ఒక్క మాట వినక ఆర్నెల్లయింది చిన్నమ్మా" అన్నాడు. అమ్మ అతని తల నిమురుతూ, "అశ్వత్థామకు పడ్డ శాపం నీకెందుకు పడ్డది బిడ్డా" అని ఏడ్చింది. ఇంటికో మనిషిని గల్ఫ్‌కు పంపుకున్న మా వైపు ఊళ్లలో ఆ పురాణం అర్థం అదే.

ఇదంతా బాబుకు చెప్పలేక బాన్సువాడకు వీడియో కాల్ కలిపాను. అప్పుడక్కడ మధ్యాహ్నం. డెబ్బై ఎనిమిదేళ్ల బాపమ్మ మనవడికి కథ మొత్తం చెప్పింది. భాగవతంలో పోతన చెప్పిన చోటికొచ్చేసరికి ఆమె గొంతు మారింది. కట్టి తెచ్చిన అశ్వత్థామను చంపొద్దని బతిమాలినది ద్రౌపదే. కొడుకులు పోయి నేనేడుస్తున్నట్టు ఇతని తల్లి కృపి ఏడవకూడదు అంటుంది ఆమె. అయిదు శవాల ముందు నిలబడి శత్రువు తల్లిని తలుచుకుంది. మహాభారత కథలో నాకు తెలిసినంతలో ఇంతకన్నా గొప్ప మాట లేదు.

"కృపి ఇంకా ఎదురుచూస్తుందా బాపమ్మా?" అన్నాడు బాబు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మీ పిల్లల ఫోన్లో ఆ ఎర్రజుట్టువాడు కనబడితే ఫోన్ లాక్కోకండి. పక్కన కూర్చొని అతని తల్లి పేరు చెప్పండి.