మాగాయ ఊట

మొన్న ఆదివారం మామిడి ముక్కలకి ఉప్పు, పసుపు పట్టించి జాడీలో పెట్టాను. చుక్క నీళ్ళు పొయ్యకపోయినా మూడోనాటికి ముక్కలు ఊటలో మునిగిపోతాయి కదా. ఇరవయ్యేళ్ళుగా మాగాయ పెడుతున్నా ఆ నీళ్ళు ఎలా వస్తున్నాయో నేనెప్పుడూ ఆలోచించలేదు. పోయిన వేసవిలో ఆలోచించాల్సి వచ్చింది.

బీపీ ఉందని మా అత్తగారికి ఉప్పు తగ్గించమన్నారు డాక్టరుగారు. తగ్గించమంటే నేను దాదాపు మానిపించేశాను. పచ్చళ్ళు బంద్, చివరికి మజ్జిగలో కూడా ఉప్పు లేదు. పైగా నాచారం ఎండలు, మాది పై అంతస్తు. "మంచినీళ్ళు తాగండి అత్తయ్యా" అని గంటకోసారి గ్లాసు చేతికిచ్చేదాన్ని. చప్పిడి అన్నం సరిగ్గా తినేవారు కాదు గానీ, నీళ్ళు మాత్రం నా మాట కాదనలేక తాగేవారు. ఒక మధ్యాహ్నం నన్ను చూసి "నువ్వెవరమ్మా?" అన్నారు.

మతిమరుపు మొదలైందనుకున్నాం. సాయంత్రానికి వాంతులు, మాట తడబాటు. ఉప్పల్‌లో ఆసుపత్రికి తీసుకెళ్తే రక్తంలో సోడియం 118 ఉంది. ఉండాల్సింది 135 నుంచి 145. బీపీ మాత్ర కూడా కొంత కారణమేనన్నారు. కానీ ఆ గ్లాసులు అందించిన చేయి నాదే.

ఆ రాత్రి నాకు విషయం అర్థమయ్యేలా చెప్పింది ఇంటర్ బైపీసీ చదువుతున్న మా అమ్మాయి. ప్రతి కణం చుట్టూ కొవ్వు అణువులు రెండు వరసలుగా పేర్చిన పొర ఉంటుందట. వాటి తలలకి నీళ్ళంటే ఇష్టం, తోకలకి పడదు. ఆ పొర ఉప్పుని అంత తేలిగ్గా దాటనివ్వదు, నీళ్ళని మాత్రం పోనిస్తుంది. నీళ్ళకోసమే సన్నని దారులున్నాయి, ఆక్వాపోరిన్లు అంటారు. వాటిని కనిపెట్టిన పీటర్ ఆగ్రేకి 2003లో నోబెల్ బహుమతి వచ్చింది.

"ఉప్పు ఎటు ఎక్కువుంటే నీళ్ళు అటు పోతాయమ్మా. నీ జాడీలో ఉప్పు ముక్క బయట ఉంది, నీళ్ళు బయటికొచ్చాయి. నానమ్మ రక్తంలో ఉప్పు తగ్గింది, నీళ్ళు కణాల్లోకి పోయాయి. మెదడు కణాలు ఉబ్బితే పుర్రె సాగదు కదా!"

మరి గబగబా ఉప్పు ఎక్కించెయ్యొచ్చుగా అని డాక్టరుగారిని అడిగాను. అలా చేస్తే కణాల్లోంచి నీళ్ళు ఒక్కసారిగా లాగేసి మెదడు దెబ్బతింటుందట. అందుకే రోజుకి కొంచెం కొంచెంగా, లెక్కపెట్టి పెంచారు.

క్యారేజీ పట్టుకుని వెళ్ళే దారిలో, హబ్సిగూడ దాటాక సీసీఎంబీ కనిపించేది. అక్కడ అమితాభ చటోపాధ్యాయ గారు కణపొరలో కొలెస్టరాల్ పాత్ర మీద ఏళ్ళ తరబడి పనిచేశారని మా అమ్మాయి చెప్పింది. కొలెస్టరాల్‌కి కూడా ఒక పని ఉంటుందా అని ఆశ్చర్యపోయాను. ఆ గేటు ముందు నుంచి ఎన్నిసార్లు కూరగాయలకి పోయానో!

అయిదో రోజున అత్తగారు నన్ను పేరుపెట్టి పిలిచి, కూరలో ఉప్పు లేదన్నారు. క్యారేజీ మూత పట్టుకుని ఏడ్చేశాను.

ఇప్పుడు డాక్టరుగారు చెప్పిన లెక్కకి ఆవిడ నీళ్ళ సీసా మీద గీత గీసి పెట్టాను. ఉప్పు కూడా ఆయన చెప్పినంతే. నిన్న ఊట పిండేసి ముక్కలు మేడమీద ఎండబెడుతుంటే, అత్తగారు మెల్లగా వచ్చి ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. నేను చూడనట్టు అటు తిరిగి, ఊట గిన్నెకి గుడ్డ కట్టుకున్నాను.