ఒంటరి ధ్రువం

ఉర్దూలో దిక్సూచిని ఖుతుబ్‌నుమా అంటాం. ఖుతుబ్ అంటే ధ్రువం, నుమా అంటే చూపించేది. ప్రొద్దుటూరులో మా అబ్బాజాన్ జేబులో ఒకటి ఎప్పుడూ ఉండేది. కొత్త ఊరికి పోతే, ముల్లు కుదురుకునేదాకా ఆగి, పడమర నుంచి కాస్త ఉత్తరంగా జానమాజ్ పరిచేవారు.

ఇంటర్‌లో నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత ఫిజిక్స్ కితాబులో అయస్కాంత పాఠం ఈ ధ్రువాలతోనే మొదలయ్యేది. రెండు సమాన ధ్రువాలు గాలిలో ఒక సెంటీమీటరు దూరంలో ఉండి ఒక డైను బలంతో వికర్షించుకుంటే, ఒక్కొక్కటీ ఏకాంక ధ్రువం. అలాంటి ఉత్తర ధ్రువాన్ని ఒకచోట పెడితే దానిమీద ఎంత బలం పడుతుందో అదే అక్కడి క్షేత్ర తీవ్రత. ఒక డైను పడితే ఒక ఆయిర్‌స్టెడ్.

ఆ పాఠంలోనే ఇంకో మాట: అయస్కాంతాన్ని ఎన్ని ముక్కలు చేసినా ప్రతి ముక్కకూ రెండు ధ్రువాలుంటాయి.

"సార్, విడిగా దొరకని ధ్రువాన్ని యాడ పెట్టల్ల?" అని అడిగినా.

"పరీక్షలో అది అడగరు, కూచో" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ సవాల్ నాతోనే ఉండిపోయింది.

ఇప్పుడు జమ్మలమడుగులో ట్యూషన్లు చెప్పుకుంటున్నా. మొన్న సెలవులకు పులివెందుల నుంచి చెల్లెలి కూతురొచ్చింది. దాని పుస్తకంలో క్షేత్రం కదిలే ఆవేశంతో మొదలవుతుంది. క్షేత్రానికి లంబంగా సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే ఒక కూలుంబు ఆవేశం మీద ఒక న్యూటన్ బలం పడితే, ఒక టెస్లా. ఒంటరి ధ్రువంతో పనే లేదు. కరెంటు పోయే తీగచుట్టకు ఒక ముఖం ఉత్తరం, రెండోది దక్షిణం. కాగితానికి ఒక వైపునే కోసి తీయగలమా? నా సవాల్‌కు జవాబ్ అదే.

అట్లని పాత కితాబు ఝూట్ కాదు. పొడవాటి అయస్కాంతం ఒక కొన దగ్గర రెండో కొన ప్రభావం చాలా తక్కువ. ఆ హిసాబ్ సరిపోతుంది. పైగా ముల్లును కాగితం మీద జరుపుతూ చుక్కలు పెట్టి బలరేఖలు గీయించేది. మా పిల్లేమో ముల్లునే ముట్టుకోలేదు.

అబ్బాజాన్ ఖుతుబ్‌నుమా తీసి ఇచ్చినా. ముల్లు మీదుగా, దాని వెంబడే తీగ పట్టుకుని బ్యాటరీ తగిలించింది. 1820లో ఆయిర్‌స్టెడ్ చూసిందే అదీ చూసింది.

"మామూ, ఖిబ్లా తిరిగిపాయ!"

నవ్వుకున్నాం. బ్యాటరీ తీసేస్తే ముల్లు మళ్లీ ఉత్తరానికొచ్చింది.

ఆ రోజు నవ్విన క్లాసును ఎప్పుడో మాఫ్ చేసేసినా. నా ట్యూషన్‌లో మాత్రం సవాల్ అడిగిన పిల్లను చూసి ఎవరినీ నవ్వనివ్వను.