అమ్మమ్మ ఇంటి నాపరాళ్ల మిద్దె

మే నెలలో మాచర్ల బస్సెక్కడమంటే మాటలు కాదు. పిడుగురాళ్ల దాటాక కిటికీలోంచి వచ్చేది గాలి కాదు, సెగ. ఎండలనగానే వార్తల్లో వినిపించే రెంటచింతల ఈ దారిలోదే మరి. అయినా వెళ్లక తప్పలేదు. అమ్మమ్మ వాళ్ల మిద్దె పడగొట్టేస్తున్నామని మామయ్య ఫోన్ చేశాడు.

దారి పొడవునా ఇళ్ల కప్పులే చూస్తూ కూర్చున్నా. పాత వీధుల్లో ఇంకా మూడు రకాలు కనిపిస్తాయి. గూనపెంకుల ఇల్లు, మంగళూరు పెంకుల ఇల్లు, నాపరాళ్ల మిద్దె. గూనపెంకు కుమ్మరి చేతి పని. మంగళూరు పెంకు మాత్రం ఫ్యాక్టరీ సరుకు. బాసెల్ మిషన్ వాళ్లు 1865లో, అంటే విక్టోరియా రాణి ఏలుబడిలో, మంగళూరులో మొదలుపెట్టారు. ఒకదాని గాడిలో ఒకటి కూర్చునే ఆ పెంకు దక్షిణాది అంతా పాకింది.

అదే కాలంలో ఇంగ్లండ్ ఇళ్ల మీదికి వేల్స్ కొండల పలకరాయి రైలెక్కి వెళ్లింది. అది పల్చటి రేకుల్లా విడిపోతుంది. ఏటవాలు కప్పుకి మేకులతో బిగిస్తే వాన జారిపోతుంది. మన నాపరాయీ పొరలుగానే లేస్తుంది, కానీ బరువెక్కువ. అందుకే దూలాల మీద చదునుగా పరిచి, సందుల్లో సున్నం పట్టించారు. వాన తక్కువ, రాయి ఎక్కువ ఉన్న పల్నాడుకి అదే కుదిరింది. శ్రీనాథుడిదని చెప్పుకునే చాటుపద్యంలోనూ పల్నాడంటే ముందు గుర్తొచ్చే వాటిలో నాపరాళ్లున్నాయి.

ఇంట్లోకి అడుగుపెట్టగానే చల్లగా అనిపించింది. మందపాటి రాయి కదా, పగటి వేడి కిందికి దిగేసరికి సాయంత్రమవుతుంది. రాత్రికి ఆ వేడంతా గదిలోకి వదులుతుంది. అప్పటికి జనం మంచాలతో బయటపడతారు.

"ఇంత చల్లటి ఇల్లు ఎందుకు మామయ్యా పడగొట్టడం?" అన్నా.

"ఒరే అబ్బాయ్, నువ్వు ఏడాదికోసారి వచ్చి ఫొటోలు తీసుకుంటావు. వానొస్తే గిన్నెలు పెట్టేది మీ అత్తయ్య. దూలాలకి చెద పట్టింది. సున్నం పని తెలిసిన మేస్త్రీ ఏడీ?"

నా దగ్గర జవాబు లేదు.

తమాషా ఏంటంటే, రేపు పోయబోయే స్లాబ్‌లోనూ ఇదే జాతి రాయి ఉంటుంది. నాపరాయి సున్నపురాయే. పిడుగురాళ్ల బట్టీల్లో కాలితే సున్నం, ఫ్యాక్టరీలో మట్టితో కలిపి కాల్చి పొడి చేస్తే సిమెంటు. మాచర్లలో సిమెంటు తయారీ 1958లోనే మొదలైంది. మన రాయే బస్తాలో తిరిగొస్తోందన్నమాట. కాకపోతే స్లాబ్ పల్చన, వేడి తొందరగా దిగుతుంది. ఏసీ బిల్లు అక్కడ మొదలవుతుంది.

ఒక్కటే అడిగా. రాళ్లు పగలగొట్టకుండా దించమని. మామయ్య కాసేపు ఆలోచించి, "సరే, వరండాలో పరిపిద్దాం" అన్నాడు.

ఆ రాత్రి మిద్దె మీద నాలుగు బిందెల నీళ్లు చల్లి చాపలేశాం. వీపు కింద రాయి ఇంకా వెచ్చగానే ఉంది. పొద్దున్నే కూలీలొచ్చారు.