చదును నేల, గట్టి సీటు

తెనాలిలో బయల్దేరి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె, అక్కణ్ణించి చెరుకుపల్లి మీదుగా బాపట్ల, మళ్లీ పొన్నూరు మీదుగా తెనాలి. ఈ చుట్టు 120 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. దారిలో గుట్ట అన్నమాటే లేదు. కాలువ వంతెనలు తప్ప ఎక్కేది లేదు, దిగేది లేదు. ‘మీకేమండీ, సైకిలు తొక్కడానికి హాయైన నేల’ అంటారు పైవాళ్లు. కాళ్లనడిగితే ఔననే అంటాయి. పిర్రలనడిగితే వేరే కథ చెబుతాయి.

కొండదారిలో ఎక్కేటప్పుడు మనిషి లేచి నిలబడి తొక్కుతాడు. దిగేటప్పుడు తొక్కడం ఆపి ఒళ్లు తేలిక చేసుకుంటాడు. మన ఈ డెల్టా నేలలో ఆ రెండు సాకులూ లేవు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉంటాడు. ఊరి మొదట్లో అడ్డమొచ్చే స్పీడు బ్రేకర్లే మనకు కాస్త విరామం. అందుకే సీటు మంచిచెడ్డలు తేల్చడానికి ఇంతకు మించిన నేల లేదు.

పూర్తి దూరపు ట్రయథ్లాన్‌లో 3.8 కిలోమీటర్ల ఈత తర్వాత 180 కిలోమీటర్లు సైకిలు తొక్కాలి, ఆ పైన 42.2 కిలోమీటర్లు పరుగెత్తాలి. అంటే ఒక్క సైకిలు భాగమే మన చుట్టుకు ఒకటిన్నర రెట్లు. 1978లో హవాయిలో మొదలైన ఈ పంతం, అందులో సగం దూరంతో 2019లో గోవా దాకా వచ్చింది. సగమంటే సైకిలు మీద 90 కిలోమీటర్లు. అదీ తక్కువేం కాదు.

పాల క్యాన్లు కట్టుకుని తిరిగే పాతకాలపు సైకిలుకు వెడల్పాటి స్ప్రింగుల సీటు ఉంటుంది. దాన్ని చూసి నవ్వనక్కర్లేదు. నిటారుగా కూర్చునేవాడి బరువంతా పిర్రల కింది రెండెముకల మీదే పడుతుంది, ఆ ఎముకలకు ఆ వెడల్పు కావాలి. ట్రయథ్లాన్ సైకిలు మీద మోచేతులు ముందుకు ఆనించి, గాలికి దొరక్కుండా వంగుతారు. సూర్యలంక సముద్రతీరం వైపునుంచి ఎదురుగాలి కొడితే వంగక తప్పదు కూడా. వంగితే నడుము కింది ఎముకల గూడు ముందుకు తిరుగుతుంది, బరువు నరాలూ రక్తనాళాలూ ఉన్న మెత్తటి చోటికి జరుగుతుంది. తిమ్మిరి అక్కడే మొదలవుతుంది. ముక్కు చీలిన సీట్లు, ముక్కే కురచగా ఉన్న సీట్లు పుట్టింది దీనికోసమే.

తిమ్మిరెక్కగానే అందరూ చేసే పని మెత్తటి జెల్ కవరు తొడగడం. పరుపులో కూరుకుపోయినట్టు ఎముకలు అందులోకి దిగబడతాయి, మధ్యలోని జెల్ ఉబికి వచ్చి ఒత్తకూడని చోటే ఒత్తుతుంది. అదే ఇంగ్లండులో బ్రూక్స్ అనే ఆయన 1882లో పేటెంటుకు పెట్టిన తోలు సీటు చేతికి గట్టిగానే తగులుతుంది, వాడగా వాడగా ఆ మనిషి ఎముకలకు తగ్గట్టు గుంట పడుతుంది. సుఖం మెత్తదనంలో లేదు, ఎముకకు ఆధారం దొరకడంలో ఉంది.

ఆ ఎముకల ఎడం ఇంట్లోనే కొలుచుకోవచ్చు. గట్టి స్టూలు మీద అట్టపెట్టె ముక్క వేసి, కాస్త ముందుకు వంగి కూర్చుని లేస్తే రెండు గుంటలు పడతాయి. వాటి నడుమ దూరానికి కొంచెం కలుపుకుంటే కావలసిన వెడల్పు తెలిసిపోతుంది. మనిషి లావుకూ ఈ కొలతకూ పొత్తు లేదు. భారీ మనిషికి ఇరుకు సీటు, బక్కమనిషికి వెడల్పు సీటు కుదరవచ్చు.

కొన్నాక కూడా పని ఉంటుంది. సీటు సమంగా ఉందో లేదో మట్టం పెట్టి చూడాలి. ఎత్తు ఎక్కువైతే నడుము అటూ ఇటూ ఊగి తొడలు ఒరుసుకుపోతాయి. మన కోస్తా ఉక్కపోతలో చెమట ఆ మంటను రెట్టింపు చేస్తుంది. ప్యాడు కుట్టిన నిక్కరు లోపల మరో బట్ట వేసుకోకూడదు. కొండలు లేపి నిలబెట్టవు గనక, పది నిమిషాలకోసారి మనమే లేవాలి.

షాపులో సీటును బొటనవేలితో నొక్కి చూసి బేరమాడటం మనకు అలవాటు. చెరుకుపల్లి దాటాక దానిమీద కూర్చుని ఉండేది బొటనవేలు కాదు.